గడియారం సూక్ష్మత పెంచినా గురుత్వ త్వరణం విలువ కదలడం లేదు

ప్రయోగార్థి

సభ్యులందరికీ నమస్కారం. స్వేచ్ఛా పతనం ద్వారా గురుత్వ త్వరణాన్ని కొలిచే పరికరం ఒకటి సొంతంగా తయారు చేసుకున్నాను. అది పనిచేస్తోంది కానీ, అది ఇచ్చే సమాధానం నాకు అంతుపట్టడం లేదు. పైన ఒక విద్యుదయస్కాంతం, దానికి అంటుకుని వేలాడే 16 మిల్లీమీటర్ల వ్యాసం గల ఉక్కు గుండు, కింద పరారుణ ఎల్ఈడీ, ఫోటో ట్రాన్సిస్టర్‌లతో చేసిన ఫోటోగేట్ ఉన్నాయి. అయస్కాంతానికి కరెంటు ఆపిన క్షణాన ఆర్డ్యునో ఊనో అనే చిన్న కంప్యూటరు బోర్డు లెక్క మొదలుపెడుతుంది, గుండు కిరణాన్ని అడ్డుకోగానే లెక్క ఆపుతుంది. గుండు అడుగు నుంచి కిరణం దాకా దూరం 0.800 మీటరు. 20 సార్లు వదిలితే సగటు కాలం 0.4166 సెకను వచ్చింది, ప్రామాణిక విచలనం 0.3 మిల్లీసెకను మాత్రమే. కొలతలు ఇంత దగ్గర దగ్గరగా పడినందుకు సంబరపడి లెక్క కట్టి చూస్తే గురుత్వ త్వరణం 9.22 మీ/సె² అని తేలింది.

తప్పు గడియారానిదే అనుకున్నాను, ఎందుకంటే ఈ బోర్డులో కాలాన్ని చదివి చెప్పే మైక్రోస్ ఫంక్షన్ 4 మైక్రోసెకన్ల మెట్లలో మాత్రమే కదులుతుంది. అందుకని చిప్‌లోని టైమర్ వన్ అనే లెక్కింపు భాగంలో, సంకేతం వచ్చిన క్షణాన్ని నేరుగా నమోదు చేసే ఇన్‌పుట్ క్యాప్చర్ సదుపాయానికి మారాను, అక్కడ ఒక్కో మెట్టు 62.5 నానోసెకన్లు. కనీసపు కొలత 64 రెట్లు తగ్గింది, జవాబు మాత్రం మళ్లీ 9.22 దగ్గరే కూర్చుంది. (మొత్తం మీద 200 కొలతలు తీసుకుంటే వాటిలో ఒక్కటి మాత్రం మిగతావాటికంటే 4.1 మిల్లీసెకన్లు తక్కువ వచ్చింది, దానిని తీసివేశాను.) ఇక నానోసెకను స్థాయి కౌంటరు కొనడం తప్ప దారి లేదా?

గణకుడు

కౌంటరు కొనవద్దు. 0.800 మీటరు పడటానికి గుండుకు 0.4041 సెకను చాలు. మీకు వచ్చినది 0.4166. అంటే మీ కొలతలో 12.5 మిల్లీసెకన్లు ఎక్కడి నుంచో వచ్చి చేరాయి. ఇది 4 మైక్రోసెకన్ల మెట్టు కంటే మూడు వేల రెట్లు పెద్దది. గడియారపు మెట్టు ఎంత చిన్నదైనా, ఇంత పెద్ద అదనాన్ని అది పుట్టించలేదు, పోగొట్టనూ లేదు. దూరం కాలపు వర్గాన్ని అనుసరిస్తుంది కనుక కాలంలో 3 శాతం తేడా వస్తే త్వరణంలో 6 శాతం తేడా కనిపిస్తుంది. మీకు సరిగ్గా అదే జరిగింది.

మేఘమాల

గాలి నిరోధాన్ని లెక్కలోకి తీసుకున్నారా? గుండు వేగం పెరిగే కొద్దీ గాలి దానిని ఆపుతూ ఉంటుంది కదా, అందువల్ల కాలం పెరగవచ్చు. అదీ కాకపోతే 20 కొలతలకు బదులు వెయ్యి కొలతలు తీసుకుని సగటు చూడండి, దోషం వర్గమూలం లెక్కన తగ్గిపోతుంది.

గణకుడు

మేఘమాల గారూ, గాలి సంగతి అంకెల్లోనే చూద్దాం. 16 మిల్లీమీటర్ల ఉక్కు గుండు బరువు సుమారు 17 గ్రాములు. అది సెకనుకు 4 మీటర్ల వేగంతో పోతున్నప్పుడు గాలి దాని మీద చూపే బలం గుండు భారంలో దాదాపు రెండు వందల్లో ఒక వంతు ఉంటుంది. ఆ వేగం చివర్లో మాత్రమే వస్తుంది కనుక దారి పొడవునా కలిపి చూస్తే గురుత్వ త్వరణం మీద దాని ప్రభావం వెయ్యిలో ఒక వంతుకు మించదు. మనకు దొరకవలసినది 6 శాతం. గాలి నిర్దోషి అని చెప్పను కానీ, ఈ కేసులో ముద్దాయి మాత్రం కాదు.

లఘులోలకం

సగటు గురించి మేఘమాల గారు చెప్పిన రెండో మాట దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ప్రయోగశాలలో ఏళ్ల తరబడి నేను చూసిన పొరపాట్లలో ఎక్కువ భాగం అక్కడే పుడతాయి. సగటు తీయడం వల్ల తగ్గేవి యాదృచ్ఛిక దోషాలు మాత్రమే, అంటే ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా వచ్చేవి. ప్రతిసారీ ఒకే వైపుకు లాగే క్రమ దోషం వెయ్యి కొలతలు తీసినా, లక్ష కొలతలు తీసినా తగ్గదు. పైపెచ్చు, తప్పు విలువ చుట్టూ కొలతలు మరింత బిగుతుగా చేరి, ఆ తప్పుకే ఎక్కువ నమ్మకాన్ని తెచ్చిపెడతాయి.

లఘులోలకంతో పని చేసినవారికి ఇది తెలిసే ఉంటుంది. ఒక మీటరు పొడవు గల లోలకం ఆవర్తన కాలం 2.006 సెకన్లు. చేతి స్టాప్‌వాచ్‌ను నొక్కడంలో మనం 0.1 సెకను అటూ ఇటూ అయినా, 50 డోలనాలకు కలిపి కాలం తీసి 50 తో భాగిస్తే ఒక్కో డోలనానికి వచ్చే దోషం 2 మిల్లీసెకన్లకు దిగుతుంది. ఇది చాలా మంచి ఉపాయం. అయితే లోలకాన్ని 10 డిగ్రీల కోణం దాకా లాగి వదిలితే, పుస్తకంలోని సరళమైన సూత్రం చెప్పే కాలం కంటే నిజమైన ఆవర్తన కాలం 0.19 శాతం ఎక్కువ ఉంటుంది, అంటే దాదాపు 4 మిల్లీసెకన్లు. స్టాప్‌వాచ్ దోషం కంటే అది రెట్టింపు. ఇక ఎన్ని డోలనాలు లెక్కించినా, సూత్రం తప్పని తేలడమే తప్ప గురుత్వ త్వరణం మెరుగుపడదు.

ప్రయోగార్థి గారూ, మీరు పరికరంలో ఏ మార్పూ చేయవద్దు. ఫోటోగేట్‌ను అయిదు వేర్వేరు ఎత్తుల్లో బిగించి, ఒక్కో ఎత్తుకు 20 కొలతలు తీసి ఇక్కడ పెట్టండి. లెక్క మొదలయ్యే చోటో, ముగిసే చోటో ఒక స్థిరమైన ఆలస్యం దాగి ఉంటే, తక్కువ ఎత్తులో దాని దెబ్బ ఎక్కువగా, ఎక్కువ ఎత్తులో తక్కువగా కనిపిస్తుంది. అలా కాక గడియారమే వేగంగానో నెమ్మదిగానో నడుస్తూ ఉంటే, అన్ని ఎత్తుల్లోనూ త్వరణం ఒకే నిష్పత్తిలో తప్పుతుంది. ఈ రెండు దొంగల అడుగుజాడలు వేరు వేరు.

ప్రయోగార్థి

రెండు రోజులు పట్టింది. ఎత్తులు 0.200, 0.400, 0.600, 0.800, 1.000 మీటర్లు. సగటు కాలాలు వరుసగా 0.2143, 0.2981, 0.3624, 0.4166, 0.4644 సెకన్లు. వీటి నుంచి విడివిడిగా లెక్కించిన త్వరణాలు 8.71, 9.00, 9.14, 9.22, 9.27. ఎత్తు పెరిగే కొద్దీ విలువ పైకి పాకుతోంది. మీరు చెప్పిన మొదటి దొంగ ఇతడే అనుకుంటున్నాను.

లఘులోలకం

అతడే. ఇప్పుడు దూరపు వర్గమూలాన్ని అడ్డంగా, కాలాన్ని నిలువుగా తీసుకుని గ్రాఫు గీయండి. ఆలస్యం లేకపోతే గీత మూలబిందువు గుండా పోవాలి. ఆలస్యం ఉంటే గీత అంతే నిటారుగా ఉంటూ మొత్తంగా పైకి జరుగుతుంది. వాలు నుంచి త్వరణం వస్తుంది, నిలువు అక్షం మీది అంతఃఖండం (గీత ఆ అక్షాన్ని కోసే చోటు) నుంచి ఆలస్యం వస్తుంది. ఒక్క ఎత్తు దగ్గర రెండు వందల సార్లు కొలిచినా విడివడని ఈ రెండు రాశులు అయిదు ఎత్తుల దగ్గర వాటంతట అవే విడిపోతాయి.

ప్రయోగార్థి

అయిదు బిందువులూ స్కేలు పెట్టి గీసినట్టు ఒకే గీత మీద పడ్డాయి. అంతఃఖండం 12.0 మిల్లీసెకన్లు. వాలు 0.4524, దాని నుంచి త్వరణం 9.77 మీ/సె². ఇంత తేలికగా తేలుతుందని అనుకోలేదు. అయితే ఆ 12 మిల్లీసెకన్లు ఎక్కడ పుడుతున్నాయి? కరెంటు ఆపే ఆదేశానికీ, గడియారం మొదలవడానికీ మధ్య ప్రోగ్రాములో ఒక్క పంక్తి తేడా మాత్రమే ఉంది.

పల్స్‌గేటు

ప్రోగ్రాములో కాదు, విద్యుదయస్కాంతపు కాయిల్‌లో చూడండి. మీరు ఆదేశం ఇచ్చిన క్షణమూ, కాయిల్‌లో కరెంటు పడిపోయిన క్షణమూ, గుండు అయస్కాంతాన్ని వదిలిన క్షణమూ మూడూ వేరు వేరు. మీ గడియారం మొదటిదానిని పట్టుకుంటోంది, భౌతికశాస్త్రానికి కావలసినది మూడోది.

కాయిల్‌కు అడ్డంగా ఒక డయోడ్ పెట్టి ఉంటారు, ట్రాన్సిస్టర్ కాలిపోకుండా అందరూ పెట్టేదే. స్విచ్ తెరుచుకున్న తరువాత కాయిల్‌లోని కరెంటు ఆ డయోడ్ గుండా తిరుగుతూ నెమ్మదిగా చల్లారుతుంది. ఎంత నెమ్మదిగా అన్నది కాయిల్ ప్రేరకత్వాన్ని దాని నిరోధంతో భాగిస్తే వస్తుంది. 100 మిల్లీహెన్రీలు, 20 ఓమ్‌లు అనుకుంటే కాలస్థిరాంకం, అంటే కరెంటు మూడో వంతు దగ్గరకు పడిపోవడానికి పట్టే కాలం, 5 మిల్లీసెకన్లు. అయస్కాంతం గుండును అవసరానికి మించిన బలంతో పట్టుకుని ఉంటే, ఆ బలం గుండు భారం కిందికి దిగడానికి రెండు మూడు కాలస్థిరాంకాలు పడుతుంది. దానికి తోడు కాయిల్ నడుమ ఉండే మెత్తని ఇనుప కోర్‌లో మిగిలిపోయే అయస్కాంతత్వం ఉంటుంది. మీ 12 మిల్లీసెకన్లకు ఇవి చాలు.

విరుగుడు మూడు రకాలుగా చేయవచ్చు, మూడూ కలిపి చేస్తే ఇంకా మంచిది. డయోడ్‌కు వరుసలో ఒక జీనర్ డయోడ్ కలిపితే కాయిల్ కొసల మధ్య ఎక్కువ వోల్టేజి నిలబడి కరెంటు త్వరగా పడిపోతుంది. ట్రాన్సిస్టర్ ఆ వోల్టేజిని తట్టుకోగలదో లేదో ముందు చూసుకోండి. గుండుకూ ఇనుప కోర్‌కూ మధ్య పలుచని కాగితం ముక్క ఉంచితే మిగులు అయస్కాంతత్వం పట్టు సడలుతుంది. అన్నిటికంటే సులువైనది, పట్టు కరెంటును గుండు జారిపోయే హద్దు దాకా తగ్గించి, అక్కడి నుంచి కొద్దిగా మాత్రమే పెంచి ఆపడం.

మరొక సంగతి. 200 లో ఒకటి 4.1 మిల్లీసెకన్లు తక్కువ వచ్చిందని, దానిని తీసివేశానని మీరు అలవోకగా రాసి వదిలేశారు. నన్ను నిద్రపోనివ్వనిది ఆ వాక్యమే. టైమర్ వన్ 16 బిట్లది. 65,536 మెట్లు దాటగానే సున్నాకు తిరిగి వస్తుంది. 62.5 నానోసెకన్ల మెట్టుతో అది సరిగ్గా 4.096 మిల్లీసెకన్లు. గుండు కిరణాన్ని తాకడమూ, టైమర్ సున్నాకు తిరగడమూ కొద్ది మైక్రోసెకన్ల తేడాలో జరిగితే రెండు ఇంటరప్ట్‌లూ (చేస్తున్న పని ఆపి తమను చూడమని చిప్‌కు వచ్చే పిలుపులు) ఒకేసారి క్యూలో నిలబడతాయి. ఈ చిప్‌లో క్యాప్చర్ ఇంటరప్ట్‌కు, టైమర్ సున్నాకు తిరిగిందని చెప్పే ఓవర్‌ఫ్లో ఇంటరప్ట్ కంటే ప్రాధాన్యం ఎక్కువ. కాబట్టి టైమర్ తిరిగిన సంగతి ఇంకా లెక్కలో పడకముందే మీ ప్రోగ్రాము కొత్త చిన్న అంకెను చదివేస్తుంది, ఒక పూర్తి చుట్టు మాయమవుతుంది. క్యాప్చర్ ఇంటరప్ట్‌లో ఓవర్‌ఫ్లో జెండా లేచి ఉందో లేదో చూసి, లేచి ఉండి, చదివిన అంకె చిన్నదైతే ఒక చుట్టు కలపండి. విడిగా పడిన కొలతను కారణం తెలియకుండా తీసివేయడం నేరం అనను గానీ, తప్పు తనంతట తానే వచ్చి ఒప్పుకుంటున్నప్పుడు నోరు మూయించినట్టు అవుతుంది.

మేఘమాల

సగటు విషయంలో నేను తొందరపడ్డానని ఒప్పుకుంటున్నాను. అయితే ఒక సందేహం. మనిషి చేత్తో నొక్కే స్టాప్‌వాచ్‌లోనూ ఇలాంటి స్థిరమైన ఆలస్యమే ఉంటుంది కదా? మొదట నొక్కినప్పుడూ, చివర నొక్కినప్పుడూ ఒకే ఆలస్యం పడితే రెండూ కొట్టివేసుకోవాలి.

చరిత్రప్రియ

రెండూ ఒకే రకం సంఘటనలైతే చాలా వరకు కొట్టివేసుకుంటాయి. లోలకం ఒకే బిందువును దాటడాన్ని చూసి రెండుసార్లూ నొక్కితే మిగిలేది మన ప్రతిస్పందనలోని హెచ్చుతగ్గులు మాత్రమే. కానీ గుండు వదలడాన్ని ముందే ఊహించి నొక్కి, నేలను తాకిన చప్పుడు విని ఆపితే ఆ రెండు ఆలస్యాలకూ పొంతన ఉండదు.

ఈ విషయంలో ఒక మనిషి ఉద్యోగమే పోయింది. 1796 లో గ్రీనిచ్ వేధశాలలో ఖగోళవేత్త నెవిల్ మాస్కెలిన్, తన సహాయకుడు డేవిడ్ కిన్నెబ్రూక్ నక్షత్రాలు దూరదర్శినిలోని తీగను దాటే సమయాలను తనకంటే 0.8 సెకను ఆలస్యంగా రాస్తున్నాడని అతణ్ణి తొలగించాడు. ఆ రోజుల్లో గడియారపు టిక్కులు చెవితో వింటూ, నక్షత్రం ఏ రెండు టిక్కుల మధ్య తీగను దాటిందో కంటితో చూసి, సెకనులో పదో వంతు దాకా అంచనా కట్టేవారు. తరువాత 1820 లలో జర్మన్ ఖగోళవేత్త ఫ్రెడ్రిక్ బెస్సెల్ నిపుణులైన పరిశీలకులను పక్కపక్కన పెట్టి పోల్చి చూసి, ప్రతివారికీ తమదైన తేడా ఒకటి ఉంటుందని గుర్తించాడు. కిన్నెబ్రూక్ అలసత్వం చూపలేదు, అతని అంతఃఖండం వేరు, అంతే.

గెలీలియో అయితే ఈ చిక్కును మరొక వైపు నుంచి తప్పించుకున్నాడు. నిట్టనిలువుగా పడే గుండు అతని దగ్గరున్న గడియారానికి అందదు కనుక, దానిని వాలు బల్ల మీద దొర్లించి పతనాన్నే నెమ్మది చేశాడు. పాత్ర నుంచి సన్నని ధారగా కారిన నీటిని తూచి కాలాన్ని కొలిచాడు. కాలాన్ని బరువుగా మార్చడం అన్నమాట. 1849 లో కాంతి వేగాన్ని కొలవడానికి ఫ్రెంచి శాస్త్రవేత్త ఫిజో కాలాన్ని కోణంగా మార్చాడు. 720 పళ్లున్న చక్రం సందులోంచి పోయిన కాంతి 8,633 మీటర్ల దూరంలోని అద్దం నుంచి తిరిగి వచ్చేసరికి పక్కనున్న పన్ను అడ్డుపడాలంటే చక్రం సెకనుకు 12.6 సార్లు తిరగవలసి వచ్చింది. లెక్క కడితే ఆ రాకపోకల కాలం 55 మైక్రోసెకన్లు. మైక్రోసెకను చూపే గడియారం భూమి మీద ఎక్కడా లేని రోజుల్లో ఆయన తీసిన కొలత అసలు కాంతి వేగానికి దాదాపు 5 శాతం తేడాలోనే ఉంది.

ప్రయోగార్థి

చరిత్రప్రియ గారి టపా మూడుసార్లు చదివాను. ఒక ప్రశ్న తొలుస్తోంది. నాకు మిల్లీసెకన్ల దగ్గరే సంఘటన ఎప్పుడు మొదలైందో తెలియడం లేదు. నానోసెకన్లలో పని చేసేవారికి మొదలు, చివర ఎలా తెలుస్తాయి?

పల్స్‌గేటు

మాకూ అదే పోరు, ఇంకా చిన్న కొలతల్లో. నేను సింటిలేటర్ డిటెక్టర్లతో, అంటే కణం తగలగానే మెరిసే పదార్థంతో చేసిన పరికరాలతో పని చేస్తాను. ఒక కణం పోగానే, ఆ మెరుపును విద్యుత్ సంకేతంగా మార్చే ఫోటోమల్టిప్లయర్ నుంచి కొన్ని నానోసెకన్లలో పైకి లేచే పల్స్ వస్తుంది. పల్స్ ఒక నిర్ణీత వోల్టేజిని, అంటే త్రెషోల్డ్‌ను దాటిన క్షణాన్ని మేము సంఘటనగా లెక్కిస్తాం. చిక్కు ఏమిటంటే పెద్ద పల్స్ ఆ గీతను త్వరగా దాటుతుంది, చిన్న పల్స్ ఆలస్యంగా దాటుతుంది. కణం ఒకే క్షణంలో వచ్చినా గడియారం రెండు వేర్వేరు సమయాలు చెబుతుంది. దీనికి విరుగుడుగా, ప్రతి పల్స్‌కూ దాని ఎత్తులో ఒకే వంతు దగ్గర, ఉదాహరణకు 20 శాతం దగ్గర, గీత గీసే సర్క్యూట్‌లు వాడతాం. పల్స్ ఆకారం మారనంత వరకు దాటే క్షణం పల్స్ ఎత్తును బట్టి మారదు.

ఇక తీగలు. కాంతి శూన్యంలో నానోసెకనుకు 30 సెంటీమీటర్లు పోతుంది, మేము వాడే కోయాక్సియల్ కేబుల్‌లో సంకేతం 20 సెంటీమీటర్లే పోతుంది. ఒక వైపు కేబుల్ ఒక మీటరు పొడవైతే 5 నానోసెకన్లు అదనంగా చేరినట్టే. అందుకే కేబుల్ మీద పొడవు రాయం, నానోసెకన్లు రాస్తాం.

వ్యవధిని కొలవడానికి మాత్రం వేగంగా టిక్కుమనే గడియారం తప్పనిసరి కాదు. మొదటి పల్స్ రాగానే స్థిరమైన కరెంటుతో ఒక కెపాసిటర్‌ను నింపడం మొదలుపెట్టి, రెండో పల్స్‌తో ఆపి, మిగిలిన వోల్టేజిని చదివితే చాలు. 1940 ల తొలినాళ్లలో బ్రూనో రోసీ, నారిస్ నెరెసన్ మ్యూయాన్ అనే కణం ఆయుర్దాయాన్ని ఈ పద్ధతి మీదనే కొలిచారు, ఈనాటి విలువ 2.197 మైక్రోసెకన్లు. ఈ రోజుల్లో ఒక చిన్న చిప్ లోపల గేట్ల (చిన్న లాజిక్ సర్క్యూట్ల) వరుస గుండా పల్స్‌ను పరుగెత్తించి, గడియారపు టిక్కు పడే వేళకు అది ఎన్ని గేట్లు దాటిందో లెక్కపెడతారు. టీడీసీ 7200 అనే చిప్ మెట్టు 55 పికోసెకన్లు. ఫెమ్టోసెకన్ల దగ్గరకు వెళితే ఎలక్ట్రానిక్స్ చేతులెత్తేస్తుంది. అక్కడ ఒక లేజర్ పల్స్‌ను రెండుగా చీల్చి, ఒకదాని దారిలోని అద్దాన్ని ఒక మైక్రోమీటరు వెనక్కి జరిపితే దారి రెండు మైక్రోమీటర్లు పెరిగి 6.7 ఫెమ్టోసెకన్ల ఆలస్యం వస్తుంది. కాలాన్ని స్క్రూ గేజితో కొలవడం ఇదే.

మీ ఫోటోగేట్‌కూ ఈ త్రెషోల్డ్ జబ్బు ఉంటుంది సుమా. ఎల్ఈడీ వెలుగు తగ్గినా, గదిలో వెలుతురు మారినా, ఫోటో ట్రాన్సిస్టర్ లోడ్ నిరోధం మరీ ఎక్కువగా ఉన్నా అంచు సోమరిగా కదులుతుంది, గీతను దాటే క్షణం జరుగుతుంది. ఇది చిన్న ప్రయోగాల జబ్బే అనుకోకండి. 2011 సెప్టెంబరులో ఒపేరా ప్రయోగం వారు, స్విట్జర్లాండ్‌లోని సెర్న్ నుంచి ఇటలీలోని గ్రాన్ సాసో దాకా 730 కిలోమీటర్లు ప్రయాణించిన న్యూట్రినోలనే కణాలు కాంతి కంటే 60 నానోసెకన్లు ముందు చేరినట్టు ప్రకటించారు. మరుసటి సంవత్సరం తేలినదేమిటంటే, జీపీఎస్ సమయ సంకేతాన్ని తెచ్చే ఆప్టికల్ ఫైబర్ కనెక్టర్ పూర్తిగా బిగించి లేదు. కాంతి తక్కువగా పడటంతో అందుకునే సర్క్యూట్‌లో పల్స్ నెమ్మదిగా లేచి, త్రెషోల్డ్‌ను ఆలస్యంగా దాటింది. మీ లోడ్ నిరోధం చేసే పనే అది కూడా చేసింది.

గణకుడు

ప్రయోగార్థి గారూ, ఈ కబుర్లలో పడి రెండో దొంగను వదిలేయకండి. ఆలస్యాన్ని తీసివేసిన తరువాత కూడా మీ విలువ 9.77 దగ్గర ఉంది. మీ బోర్డులో ముఖ్య చిప్‌కు గడియారంగా ఉన్నది క్వార్ట్జ్ స్ఫటికం కాదు, సిరామిక్ రెజొనేటర్. దాని పౌనఃపున్యం చెప్పిన విలువకు 0.5 శాతం దాకా తేడాగా ఉండవచ్చు. మామూలు స్ఫటికం తేడా పది లక్షలకు పదుల్లోనే ఉంటుంది. మీ 62.5 నానోసెకన్ల మెట్టు అసలు 62.5 నానోసెకన్లేనా అన్నది ఎవరూ చూడలేదు. జీపీఎస్ మాడ్యూలు సెకనుకు ఒకసారి ఇచ్చే పల్స్‌ను అదే క్యాప్చర్ పిన్నుకు ఇచ్చి, రెండు పల్స్‌ల మధ్య ఎన్ని మెట్లు పడుతున్నాయో చూడండి. 1,60,00,000 పడాలి.

ప్రయోగార్థి

నాలుగు రోజుల తరువాత మళ్లీ రాస్తున్నాను, చెప్పడానికి చాలా ఉంది.

జీపీఎస్ పల్స్‌ల మధ్య 1,60,22,400 మెట్లు వచ్చాయి. చివరి రెండు మూడు అంకెలు కదులుతూనే ఉన్నాయి, బోర్డు మీద వేలు ఆనిస్తే ఇంకా ఎక్కువ కదిలాయి. అంటే నా గడియారం 0.14 శాతం వేగంగా నడుస్తోంది, ప్రతి కాలాన్నీ అంత మేరకు ఎక్కువ చేసి చూపిస్తోంది. దానిని సవరిస్తే 9.77 కాస్తా 9.80 అయింది.

జీనర్ డయోడ్ కలిపాను, పట్టు కరెంటు తగ్గించాను, కాగితం ముక్క పెట్టాను. అయిదు ఎత్తుల్లోనూ మళ్లీ కొలిస్తే అంతఃఖండం 12.0 నుంచి 3.1 మిల్లీసెకన్లకు దిగింది. వాలు మాత్రం దోష పరిమితిలో మారనే లేదు, త్వరణం మళ్లీ 9.80 వచ్చింది. కొలతల ప్రామాణిక విచలనం 0.3 నుంచి 0.1 మిల్లీసెకనుకు తగ్గింది. ఓవర్‌ఫ్లో జెండాను చూసే రెండు పంక్తులు చేర్చిన తరువాత 500 కొలతల్లో ఒక్కటి కూడా 4.096 మిల్లీసెకన్లు తప్పిపోలేదు. తీసేసిన పాత కొలతకు ఒక చుట్టు కలిపి చూస్తే అది మిగతావాటి మధ్యకు వచ్చి కూర్చుంది.

ఇప్పుడు 9.80 పక్కన ఎంత దోషం రాయాలి? కాలం వైపు నుంచి 0.01 కంటే తక్కువే వస్తోంది.

లఘులోలకం

ఇక గడియారాన్ని వదిలి స్కేలు వైపు తిరగండి. ఒక మీటరు ఎత్తు నుంచి పడిన గుండు కిరణం దగ్గర సెకనుకు 4.4 మీటర్ల వేగంతో ఉంటుంది, ఒక మిల్లీమీటరు దాటడానికి 0.23 మిల్లీసెకను పడుతుంది. 0.200 మీటరు దగ్గర వేగం సగం కంటే తక్కువ కనుక అదే మిల్లీమీటరుకు 0.5 మిల్లీసెకను పడుతుంది. అన్ని ఎత్తుల్లోనూ మీ స్కేలు సున్నా ఒక మిల్లీమీటరు తప్పి ఉంటే, ఆ తేడా స్థిరమైన ఆలస్యంలా అంతఃఖండంలోకి పూర్తిగా పోదు, కొంత వాలులోకి దూరి త్వరణాన్ని 0.02 మేర మారుస్తుంది. కాలం వల్ల వచ్చే దోషానికి అది రెట్టింపు.

గుండు ఫోటోగేట్ మధ్యలోంచి కాక 2 మిల్లీమీటర్లు పక్కగా పడినా, దాని గుండ్రని అడుగు వల్ల కిరణం పావు మిల్లీమీటరు ఆలస్యంగా తెగుతుంది, అంటే 0.06 మిల్లీసెకను. మీకు ఇంకా మిగిలిన విచలనంలో అది కొంత భాగం కావచ్చు.

ప్రయోగార్థి

కానీ కిరణం దారం లాంటిది కాదు కదా, దానికి 4 మిల్లీమీటర్ల మందం ఉంది. దూరాన్ని కిరణం పై అంచు దాకా కొలవాలా, మధ్య దాకా కొలవాలా?

పల్స్‌గేటు

రెండూ కాదు. ముందు ఫోటో ట్రాన్సిస్టర్ ముందు ఒక మిల్లీమీటరు సందు ఉన్న నల్ల కాగితం అంటించండి. ఆ తరువాత గుండును సన్నని తీగకు కట్టి, స్క్రూతో కదిలే స్టాండు మీద నుంచి గేటులోకి నెమ్మదిగా దింపండి, బోర్డు మీద క్యాప్చర్ జరిగిందని తెలిసే దీపం ఒకటి పెట్టుకోండి. దీపం వెలిగిన చోట ఆపి, గుండు అడుగు ఏ ఎత్తులో ఉందో వెర్నియర్‌తో చదవండి. అక్కడే మీ దూరం ముగుస్తుంది. వెలుతురు మారితే ఆ బిందువు కూడా మారుతుంది కాబట్టి, కొలతలు తీసే పూటే, అదే వెలుతురులో ఈ పని చేయండి.

ప్రయోగార్థి

చేశాను. కిరణం మధ్య అనుకుని నేను ఇన్నాళ్లూ స్కేలు పెట్టిన చోటికీ, దీపం వెలిగిన చోటికీ 0.7 మిల్లీమీటరు తేడా ఉంది. గది దీపం ఆర్పి చూస్తే 0.5 అయింది. ఈ రాత్రికి అయిదు ఎత్తులూ మళ్లీ మొదటి నుంచి కొలుస్తున్నాను, దీపం ఆర్పే.